ఆదివారం రాత్రి ఆరు సంతకాలు

చిలకలూరిపేట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆవిడ ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడతారు. భర్తది స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఒక్కతే కూతురు, ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. తను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివానని, ఇంగ్లీషు 38 మార్కులతో గట్టెక్కానని ఆవిడే రాశారు.

స్కూల్లో ప్రతి సోమవారం ఇంగ్లీషు మేడమ్ ఒక కాగితం ఇచ్చి పంపుతారట. అందులో 15 మాటలుంటాయి. ఒక్కో మాటకీ అర్థం, అదే అర్థమిచ్చే ఇంకో మాట, వ్యతిరేక పదం, సొంత వాక్యం రాయాలి. శుక్రవారం దాని మీద 15 మార్కుల టెస్టు. దీనికి తోడు రోజూ 20 నిమిషాలు ఏదైనా ఇంగ్లీషు పుస్తకం చదవాలి. ఏ పుస్తకం, ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ దాకా అన్నది రీడింగ్ లాగ్‌లో రాసి, పక్కన అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు గళ్లు, ఆరు సంతకాలు.

అమ్మాయి అర్థాలన్నీ ఫోన్లో చూసి పది నిమిషాల్లో ఎక్కించేస్తుంది. గురువారం రాత్రి బట్టీ. శుక్రవారం 14 మార్కులు, ఒక్కోసారి 15. పుస్తకం మాత్రం బ్యాగులోంచి బయటికి రాదు. ఆదివారం రాత్రి లాగ్ తెచ్చి ముందు పెడితే, ఈవిడ మిషన్ మీద నుంచి లేవకుండానే ఆరు గళ్లలో ఆరు సంతకాలు పెట్టేస్తారు. ఒకసారి పరీక్షగా చూస్తే 34 నుంచి 41 పేజీ దాకా చదివినట్టు రాసి ఉంది. ఆ పుస్తకం లైబ్రరీలో తిరిగిచ్చేసి అప్పటికి రెండు వారాలైంది.

ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర) పరీక్షలో అసలు రంగు బయటపడింది. అన్‌సీన్ ప్యాసేజ్‌లో (పాఠాల్లో లేని పేరా చదివి జవాబులు రాసే ప్రశ్న) 10కి 3 వచ్చాయి. ఆ తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగులో మేడమ్ అందరి ముందూ, ‘ఈవిణ్ని చూడండి, ఒక్క రోజు కూడా సంతకం తప్పలేదు, ఇంట్లో ఇలా చదివించాలి’ అన్నారట. ‘భూమి చీలి అందులోకి వెళ్లిపోతే బాగుండు అనిపించింది’ అని రాశారు ఆవిడ. తిరిగి వస్తూ ఆటోలో, మేడమ్‌తో నిజం చెప్పేద్దామా అని కూతుర్ని అడిగితే ఆ పిల్ల, ‘నువ్వు మేడమ్‌తో ఏం మాట్లాడకమ్మా, నీకు ఇంగ్లీషు రాదని తెలిసిపోతుంది’ అందట. ఆ రాత్రి ఒక జాకెట్టుకి చంక దగ్గర తప్పు కుట్టి మళ్లీ విప్పాల్సి వచ్చిందట.

భర్త ట్యూషన్‌లో పడేద్దాం అంటున్నారు, నెలకు 1200. హైదరాబాద్‌లో చదివే ఆడపడుచు కొడుకు ఇంగ్లీషు దంచేస్తాడని ఇంట్లో రోజూ పోలిక. సంతకాలు ఆపేయాలా, మేడమ్‌తో చెప్పేయాలా, ట్యూషన్ పెట్టాలా అని అడిగి, చివర్లో ‘నాకు రాని భాష నా కూతురికి నేనేం నేర్పించను’ అని ముగించారు. ఈ వారం కాగితానికి అమ్మాయి రాసిన హోంవర్కు పేజీ కూడా జిరాక్స్ తీసి జత చేశారు.

అమ్మా, ముందు ఆ ఆటోలో జరిగింది మాట్లాడుకుందాం. మిగతావన్నీ దాని తర్వాతే.

పన్నెండేళ్ల పిల్ల అన్న మాటని పెద్దవాళ్ల మాటలా తూచకండి. అందులో మీ మీద చిన్నచూపు కొంచెం ఉండే ఉంటుంది, లేదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. ఆ వయసు పిల్లలకి అమ్మ కట్టిన చీర దగ్గర్నుంచి నాన్న బండి దాకా అన్నీ స్నేహితుల కళ్లతోనే కనపడతాయి. కానీ నాకు ఎక్కువగా వినపడింది భయం. మీరు మేడమ్ దగ్గర నోరు విప్పితే ముందు బయటపడేది 34 నుంచి 41 దాకా ఉన్న ఆ పేజీలు. ఆ సంగతి పిల్లకి బాగా తెలుసు. మిమ్మల్ని ఆపడానికి ఏ మాట దొరికితే ఆ మాట విసిరింది. ఎక్కడ అంటే మనకి తగులుతుందో పిల్లలకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు కదా.

దానికి కోపంగా బదులివ్వొచ్చు. ‘నీ కోసం రాత్రింబగళ్లు మిషన్ తొక్కుతుంటే ఇదా’ అని మొదలుపెడితే ఆ పిల్ల ఏడుస్తుంది, మీరూ ఏడుస్తారు, ఇక ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం తీసినప్పుడల్లా ఆ గొడవే గుర్తొస్తుంది. నవ్వి వదిలేయొచ్చు. అప్పుడు ఆ మాట నిజమేనని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. నేనైతే ఏదో పని చేసుకుంటూ, తన మొహంలోకి చూడకుండా (చూస్తే ఆ వయసు పిల్లలు తలుపు వేసేసుకుంటారు), ‘అవును, నాకు ఇంగ్లీషు రాదు. అది మేడమ్‌కి తెలిస్తే తెలియనీ. నువ్వు చదవకుండానే చదివావని సంతకం పెట్టాను చూడు, అది తెలిస్తే మాత్రం తల ఎత్తుకోలేను’ అని, ఇంకేమీ పొడిగించకుండా ఊరుకుంటాను. చిక్కేమిటంటే, మొదటి ముక్క మీరు నిజంగా అనుకుంటేనే అది పిల్లకి నిజంగా వినపడుతుంది. మీ ఉత్తరం చూస్తే మీరింకా అలా అనుకోవడం లేదనిపించింది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

సంతకాల గురించి నేను మీకు తీర్పు చెప్పేదాన్ని కాను. నేను 31 ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి కాగితాలు, ఇలాంటి గళ్లు నేనూ ఇచ్చాను. సోమవారం పొద్దున్న అరవై లాగ్‌లు బల్ల మీద పడితే ఏం చూస్తాం? గళ్లు నిండాయా లేదా, అంతే. ఒకసారి ఒక పిల్లాడి లాగ్‌లో ఆరు గళ్లలోనూ వేలిముద్రలున్నాయి. నేను ఎర్ర సిరాతో ‘సంతకం కావాలి’ అని రాసి వెనక్కి పంపాను. మర్నాడు సంతకాలు వచ్చాయి, పిల్లాడి రాతలో. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆ తండ్రి రోజూ పొలం నుంచి వచ్చి వాడి పక్కన కూర్చుని, వాడు చదువుతుంటే విని, అప్పుడు వేలు ముద్ర వేసేవాడట. ఆ క్లాసు మొత్తానికి ఆ గడిలో నేను అడిగిన పని చేసింది ఆయనొక్కడేనేమో. ఆ వేలిముద్రల్నే నేను వెనక్కి పంపాను. ఇప్పటికీ ఎర్ర పెన్ను చూస్తే ఆ సంగతి గుర్తొస్తుంది.

ఇంతకీ ఆ గడి అడిగేది మీకు ఇంగ్లీషు వచ్చా రాదా అని కాదు, మీ అమ్మాయి చదివిందా లేదా అని. అది తేల్చడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, కాసేపు పక్కన ఉంటే చాలు. ఆరు సంతకాలూ ఒకే రాత్రి, ఒకే పెన్నుతో పడుతున్నాయన్నది మేడమ్‌కి తట్టలేదేమో గానీ మీ అమ్మాయికి తెలుసు. అమ్మ సంతకం చదవకపోయినా వస్తుందని తను ఇప్పటికే నేర్చుకుంది. నాకు ఇంగ్లీషు మార్కుల కంటే అదే టెన్షన్.

ఇప్పుడు ఆ 14కీ ఈ 3కీ ఉన్న తేడా చూద్దాం. మీరు పంపిన పేజీని నేను నాలుగుసార్లు చూశాను. ‘గ్రేవ్’ అనే మాట ఎదురుగా అర్థం గడిలో ‘సమాధి’ అని ఉంది. ఫోన్ మొదట చూపించేది అదే. వ్యతిరేక పదం గడిలో ‘చీర్‌ఫుల్’ అని ఉంది, అంటే హుషారుగా. సమాధికి వ్యతిరేకం హుషారట! నిజానికి ఆ మాటకి గంభీరమైన అనే అర్థం కూడా ఉంది, మేడమ్ అడిగింది అదే అయుంటుంది. మీ అమ్మాయి ఒక గడి ఒక చోట నుంచి, ఇంకో గడి ఇంకో చోట నుంచి దించేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే తనకే నవ్వొచ్చేది. చూడలేదు.

సొంత వాక్యాలు కూడా చూడండి. హి ఈజ్ రిలక్టెంట్. ఇట్ ఈజ్ ఫ్రాజైల్. ఇట్ ఈజ్ ఫ్రేడ్. షి ఈజ్ జెనరస్. పదిహేనుకి పన్నెండు ఇలాంటివే. ఇందులో ఒక మాట తీసి ఇంకోటి పెట్టినా వాక్యానికి ఏ నొప్పీ ఉండదు. తప్పులు లేవు కాబట్టి మార్కులు పడతాయి, కానీ ఈ వాక్యం రాయడానికి ఆ మాట తెలియాల్సిన అవసరమే లేదు.

అదే అర్థమిచ్చే ఇంకో మాట రాయమనే గడి మరీ ప్రమాదం. థిన్ ఎదురుగా స్లిమ్, స్కిన్నీ అని రాసింది. పెళ్లిచూపులకి వెళ్లొచ్చిన వాళ్లు అమ్మాయి నాజూగ్గా ఉంది అనడానికీ, బక్కగా ఉంది అనడానికీ ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పాలా? ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో ఈ తేడా మీ అమ్మాయికి బాగా తెలుసు. దాన్ని ఇంగ్లీషు మాటకి ఎవరూ ముడిపెట్టలేదు.

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, అర్థం లేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీపట్టి ఎంత వేగంగా మర్చిపోతున్నాడో రాసుకున్న లెక్కలు అచ్చువేశాడు. మొదటి గంటల్లోనే చాలా భాగం జారిపోయింది, తర్వాత జారడం నెమ్మదించింది. మీ అమ్మాయికి ఆ 15 మాటలూ అలాంటి అక్షరాల గుంపులే. గురువారం రాత్రి ఎక్కినవి శుక్రవారం పదకొండు గంటల దాకా నిలబడుతున్నాయి, అదే గొప్ప. ఇది మీ ఇంటి కథ ఒక్కటే కాదులెండి. పిల్లల చదువుల మీద పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్లు 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో, పల్లెల్లో ఉండే 14–18 ఏళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి చదివించారు. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. అలా చదివినవాళ్లలో అర్థం చెప్పగలిగింది దాదాపు మూడొంతుల మంది. మిగతా పావు వంతు పైకి చదివేశారు, లోపలికి ఏమీ వెళ్లలేదు. అన్‌సీన్ ప్యాసేజ్ పట్టుకునేది సరిగ్గా ఈ పావు వంతునే.

మీరు అడిగిన చివరి ప్రశ్నకి వస్తున్నాను, రాని భాష ఎలా నేర్పించను అన్నదానికి. ఆ పేజీలో మూడో మాట ‘ఫ్రేడ్’. మీ అమ్మాయి ‘అరిగిపోయిన’ అని రాసింది. పూర్తిగా తప్పనలేం, కానీ చెప్పు అరుగుతుంది, మెట్టు అరుగుతుంది. గుడ్డ కత్తిరించిన అంచుకి జిగ్‌జాగ్ వేయకుండా వదిలేస్తే రెండు ఉతుకులకి ఏమవుతుంది? పోగులు ఊడి వేలాడతాయి. ఫ్రేడ్ అంటే అదమ్మా. ఈ మాట మీ ఇంట్లో రోజూ నేల మీద పడి ఉంటుంది, మీరు చీపురుతో ఊడ్చేస్తున్నారు. ఓ కాటన్ ముక్క తీసుకుని అంచు దగ్గర నాలుగు పోగులు లాగి అమ్మాయి చేతిలో పెట్టి, ‘దీన్ని మీ మేడమ్ ఏమంటారు?’ అని అడగండి. ఆ మాట ఇక మర్చిపోతే నన్నడగండి. లైనింగ్, పైపింగ్, హెమ్మింగ్, బాబిన్ అని మీ ఉత్తరం నిండా మీరే రాశారు. ఆ మాటలకి స్పెల్లింగ్ మీకు రాకపోవచ్చు. వస్తువు మీ చేతిలో ఉంది. మీ అమ్మాయి దగ్గర స్పెల్లింగ్ ఉంది, వస్తువు లేదు. ఇద్దరూ ఒక చోట కూర్చుంటే సరిపోతుంది.

కూర్చోవడం ఎలా అన్నది మీ పనిని బట్టి చెబుతున్నాను. మిషన్ తిరుగుతుంటే చదివేది వినపడదు. కానీ హుక్కులు కుట్టేటప్పుడు, కాజాలు తీసేటప్పుడు, చేత్తో హెమ్మింగ్ చేసేటప్పుడు చప్పుడు ఉండదు, చెవులు ఖాళీ. రోజులో ఆ పని ఎప్పుడు పెట్టుకుంటారో అప్పుడే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి రెండు వారాలు 20 నిమిషాలు అనకండి, పది చాలు. తను పైకి చదవాలి. ఒక పేజీ అయ్యాక మీరు తెలుగులో రెండే అడగాలి: ‘ఇప్పుడు ఎవరు ఏం చేశారు? ఎందుకు చేశారు?’ తను తెలుగులోనే చెప్పాలి. అర్థమైతే చకచకా చెబుతుంది. అర్థం కాకపోతే నసుగుతుంది. ఆ నసుగుడు పట్టుకోవడానికి తల్లికి ఏ భాషా రానక్కర్లేదు. నసిగితే ఆ పేజీ మళ్లీ. దీంట్లో అసలు లాభం మీకు కాదు, తనకి. చదివింది ఇంకొకళ్లకి విప్పి చెప్పేటప్పుడే పిల్లలకి తమకి ఏది తెలీదో తెలుస్తుంది. మీకు ఇంగ్లీషు వచ్చుంటే మీరే చెప్పేసేవారు, తను తలూపేసేది.

మొదట్లో ‘నీకు చెప్తే ఏం అర్థమవుతుంది’ అంటుంది, సిద్ధంగా ఉండండి. దానికీ ఒక మార్గం ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే సైటులో పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి. చాలా కథలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రెండింట్లో దొరుకుతాయి. మధ్యాహ్నం మీరు తెలుగు కథ చదివేసుకోండి. రాత్రి తను అదే కథ ఇంగ్లీషులో చదువుతుంటే కథ మీకు ముందే తెలుసు, తనకి తెలీదు. ‘ఆ ముసలాయన అలా ఎందుకన్నాడంటావ్?’ అని మీరు అడిగితే పిల్ల మొహం చూడాలి! కథలకి ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలున్నాయి. ఒకటో స్థాయి పెడితే పసిపిల్లల కథలని అలుగుతుంది, మూడుతో మొదలుపెట్టండి.

లైబ్రరీ పుస్తకం బ్యాగులోంచి రాకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆ పుస్తకం తనకి మించినదై ఉంటుంది. మా క్లాసులో ఒక లెక్క ఉండేది. ఏదో ఒక పేజీ తీసి చదవడం మొదలుపెట్టి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడు వద్దు. ఏడో తరగతి పిల్ల ఐదో తరగతి పుస్తకం చదివితే పరువేం పోదు. పైది పట్టుకుని ఒక్క పేజీ కూడా తిప్పకపోవడం కంటే నయం.

ఇక మాటలు. పదిహేనింటినీ లోతుగా నేర్చుకోవడం ఒక వారంలో అయ్యే పని కాదు. ఆరు ఎంచుకోమనండి, తనకి నచ్చినవే. మిగతా తొమ్మిదీ టెస్టు కోసం ఇప్పటిలాగే బట్టీ పట్టనివ్వండి, దాని గురించి గొడవ పడొద్దు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, మంచి అట్ట. వాటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక మాట, ఆ మాట వచ్చిన ఒక వాక్యం. వెనక వైపు మీరిద్దరూ మాట్లాడుకుని ఒప్పుకున్న తెలుగు. ‘రిలక్టెంట్’కి ఫోన్ ‘అయిష్టంగా’ అంటుంది. మీరు ‘రానని కాళ్లు ఈడ్చుకుంటూ రావడం’ అంటారేమో. అదే రాయండి. అర్థం అనుమానమైతే ఫోన్ కంటే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఇంగ్లీష్-ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు మేలు, ఒకే మాటకి ఉన్న వేర్వేరు అర్థాలు అందులో ఒకదాని కింద ఒకటి కనపడతాయి.

ఆ ముక్కల్ని పెట్టడానికి మీ గుండీల డబ్బాల్లాంటివి మూడు కావాలి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు ప్రచారం చేసిన పద్ధతి ఇది, నేను మూడు డబ్బాలకి తగ్గించుకున్నాను. కొత్త ముక్క మొదటి డబ్బాలో, దాన్ని రోజూ చూడాలి. చూడకుండా చెప్పగలిగితే రెండో డబ్బాలోకి, అది మూడు రోజులకోసారి. అక్కడా చెబితే మూడోదాంట్లోకి, అది ఆదివారం మాత్రమే. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి డబ్బాకే. ముక్క ఎత్తి అడిగేది మీరు. వెనక తెలుగు ఉంది కాబట్టి తప్పో ఒప్పో మీకే తెలిసిపోతుంది. దీనికి రోజూ ఐదు నిమిషాలు పట్టదు.

దీని ఖరీదు కూడా చెప్పాలి కదా. మొదట్లో శుక్రవారం 14 కాస్తా 11 కావచ్చు. ఇంట్లో ఆ మూడు మార్కుల కోసం ముఖాలు మాడితే ఈ పద్ధతి రెండో వారంలోనే అటకెక్కుతుంది. మీ ఆయనకి ముందే చెప్పి ఉంచండి. నెలకోసారి పాత ప్రశ్నపత్రంలోంచి చూడని ప్యాసేజ్ ఒకటి చేయించి ఆ 3 ఎంతవుతోందో చూసుకోండి, మీరు చూడాల్సిన అంకె అదే.

ట్యూషన్ సంగతి ఎక్కువ చెప్పను. వెళ్లి ఒక్క మాట అడగండి: ‘రోజూ ఒక పేజీ పైకి చదివించి వింటారా?’ వింటాం అంటే 1200 పెట్టొచ్చు. ‘స్కూల్ హోంవర్కు మొత్తం మేం చేయించేస్తాం’ అంటే ఫోన్ ఊరికే చేస్తున్న పనికి నెలకు 1200 ఇవ్వడమే. హైదరాబాద్ కుర్రాడి సంగతి అసలు పట్టించుకోకండి. వాడి పక్క బెంచీలో ఒడియా పిల్లాడో బెంగాలీ పిల్లాడో ఉండుంటాడు, ఇంగ్లీషులో మాట్లాడక వాడేం చేస్తాడు!

మేడమ్ దగ్గరికి వద్దాం. మీకు మూడు దారులున్నాయి. ఏదీ నొప్పి లేనిది కాదు.

ఇప్పటిలాగే సాగనివ్వడం ఒకటి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, రేపే ఏ ప్రమాదమూ రాదు. ఏడో తరగతి గడుస్తుంది, ఎనిమిదీ గడుస్తుంది. పదో తరగతిలో ఇంగ్లీషు ప్యాసేజ్‌తో పాటు సైన్సు, సోషల్ ప్రశ్నలు కూడా ఇంగ్లీషులోనే చదివి అర్థం చేసుకోవాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. ఆదివారం రాత్రి మీకు గుచ్చుకునేది మాత్రం ప్రతి ఆదివారమూ గుచ్చుకుంటుంది.

వెళ్లి మొత్తం చెప్పేయడం రెండోది. మీ మనసు తేలికవుతుంది. మేడమ్ మంచివారైతే మెచ్చుకుంటారు. కానీ క్లాసులో ఒక మాట జారితే అది పిల్ల మీద పడుతుంది, ఆటోలో తను భయపడింది అందుకే. ఈ దారి ఎంచుకుంటే పిల్లకి తెలియకుండా మాత్రం వెళ్లొద్దు. ‘బుధవారం వెళ్తున్నాను, ఇదీ చెప్పబోయేది’ అని ముందే చెప్పండి. వెనక నుంచి వెళ్లి చెప్పారని తెలిస్తే మీకు అబద్ధం చెప్పడం ఇంకా బాగా నేర్చుకుంటుంది.

మూడోది, పాత లెక్క తవ్వకుండా ఈ సోమవారం నుంచి విన్న రోజుకే సంతకం పెట్టడం. వినని రోజు గడి ఖాళీ. మొదటి వారం మూడు గళ్లే నిండుతాయేమో. ‘ఒక్క రోజు కూడా తప్పలేదు’ అన్న పేరు పోతుంది, లాగ్‌కి మార్కులుంటే అవీ పోతాయి. అమ్మాయి అలుగుతుంది, సంతకం తనే పెట్టేసుకునే ప్రమాదమూ ఉంది, కనిపెట్టి ఉండండి. రెండో వారమో మూడో వారమో మేడమ్ ఖాళీ గళ్ల గురించి అడుగుతారు. అప్పుడు మాట్లాడటం సులువు, ఎందుకంటే మీ చేతిలో ఖాళీలతో పాటు మూడు నిజం సంతకాలు కూడా ఉంటాయి. నా మొగ్గు దీనివైపే. ఆ మేడమ్‌ని మీరు చూశారు, నేను చూడలేదు. కాబట్టి ఎంచుకోవాల్సింది మీరే.

మీ ధైర్యానికి ఒక సంగతి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి అన్ని సబ్జెక్టుల హోంవర్కూ కలిపి రోజుకు గంట మించొద్దని ఉంది. ఇరవై నిమిషాల చదువు, 15 మాటలకి నాలుగేసి గళ్లు అంటే ఇంగ్లీషు ఒక్కటే ఆ గంటలో చాలా భాగాన్ని తినేస్తోంది. ఇది పట్టుకుని మేడమ్ మీదకి వెళ్లమనడం లేదు, పాపం ఆవిడకీ పైనుంచి వచ్చిన సిలబస్ ఏదో ఉండుంటుంది. ‘పదిహేను బదులు ఎనిమిది ఇస్తే బాగా నేర్చుకుంటుందేమో మేడమ్’ అని అడగడానికి మీరు జంకక్కర్లేదని చెబుతున్నాను. తెలుగులోనే అడగండి. మన స్కూళ్లలో ఇంగ్లీషు చెప్పేవాళ్లలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లమే.

మాట్లాడటం కష్టంగా ఉంటే లాగ్ పుస్తకంలో ఒక చీటీ పెట్టి పంపండి. నేను రాసిస్తున్నాను, మీ మాటల్లోకి మార్చుకోండి.

‘మేడమ్ గారికి నమస్కారం. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇన్నాళ్లూ పాప చదవని రోజుల్లో కూడా సంతకం పెట్టాను, తప్పు నాదే. ఈ సోమవారం నుంచి నేను దగ్గర కూర్చుని విన్న రోజుకే సంతకం పెడుతున్నాను. చదివింది పాప నాకు తెలుగులో చెబుతుంది. మీరిచ్చిన మాటల్లో ఆరు బాగా నేర్చుకుంటోంది. శుక్రవారం మార్కులు కొంచెం తగ్గితే కొన్ని వారాలు చూడమని కోరుతున్నాను.’

కింద మీ సంతకం, ఆ రోజు తేదీ. మూడో వాక్యం ఉంచాలో కొట్టేయాలో మాత్రం నేను చెప్పను. చీటీ అమ్మాయికి చదివి వినిపించి, ఇద్దరూ కలిసి తేల్చుకోండి.